ఛార్జి అప్పగించిన తరువాత

నవంబరు నెల వచ్చిందంటే మా బ్యాంకులో ఒక వింత పని మొదలవుతుంది. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, తాము బతికే ఉన్నామని రుజువు చూపించి పోతారు. పింఛనుదార్లు ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువీకరణ పత్రం అది. 2014 నుంచి దాన్ని వేలిముద్ర యంత్రం ద్వారా కూడా ఇవ్వవచ్చు. కానీ రాగి చేలలో కలుపు తీసి, పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరిగి అరిగిపోయిన వేళ్ళను ఆ యంత్రం చాలాసార్లు గుర్తుపట్టదు. అప్పుడు మనిషి మొహం చూసి మేమే సంతకం పెడతాము.

తళి దగ్గర నేను పనిచేసిన శాఖకు వచ్చే ఒక పెద్దాయన ప్రతి ఏడూ ఒకటే మాట అనేవారు: "బాగా చూసి రాయప్పా, ఇంగా ఉండానా లేదా అని నాకే అనుమానంగా ఉండాది." వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఈ మధ్య ఆ మాట తలచుకుంటే నవ్వు రావడం లేదు. నాకు ఇక రెండేళ్ళే సర్వీసు మిగిలింది.

నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై నాలుగేళ్ళుగా జమాఖర్చుల మధ్య బతుకుతున్నవాణ్ణి. అయినా పింఛను కౌంటరు దగ్గర కూర్చున్నవాడికి కొంత చరిత్ర దానంతటదే తెలుస్తుంది. ఒకే వరుసలో మాజీ సిపాయి, బడి అయ్యవారు, హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన కార్మికుడు, వితంతు పింఛను తీసుకునే అవ్వ నిలబడతారు. దాదాపు అందరిదీ ఒకే వయసు. కొందరు కళకళలాడుతుంటారు. కొందరు నిరుడు చూసినదానికంటే పదేళ్ళు ముసలివాళ్ళయి వస్తారు. ఆ తేడాకు కారణం వాళ్ళ పాసుపుస్తకంలోనే ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. వెతికి చూశాను. అక్కడ దొరకలేదు. అందుకే కొంచెం వెనక్కి పోయి చూడవలసి వచ్చింది.

పించిని వచ్చిన దారి

మా వైపు పల్లెల్లో 'పించిని' అంటారు. ఇంగ్లీషు మాటే, మన నోళ్ళలో నాని మెత్తబడింది. మాట ఎంత కొత్తదో ఆ ఏర్పాటు కూడా అంతే కొత్తది. మన పెద్దలు గృహస్థాశ్రమం తరువాత వానప్రస్థం చెప్పారు. భారతంలో ధృతరాష్ట్రుడు యుద్ధం ముగిశాక పదిహేనేళ్ళు ధర్మరాజు ఇంట ఉండి, ఆ తరువాత అడవికి పోయాడు. అది రాజుల సంగతి. తళి రైతుకు అడవి ఇంటి వెనకనే ఉంది. ముసలితనంలో ఆయన అక్కడికి పోయినా కట్టెలకే పోయాడు, తపస్సుకు కాదు.

పని మానిన మనిషికి నెలనెలా డబ్బు ఇవ్వడం మొదట సైన్యాల్లో, సర్కారు కొలువుల్లో వచ్చింది. గాయపడి పనికిరాకుండా పోయిన సిపాయిలకు ఈస్టిండియా కంపెనీ పింఛను ఇచ్చేది. 1871లో మన దేశంలో పింఛన్ల చట్టం వచ్చింది. మామూలు కార్మికులకు కూడా వయసును బట్టి పింఛను ఇవ్వాలని చట్టం చేసినది జర్మనీ, 1889లో, బిస్మార్క్ కాలంలో. అప్పుడు పెట్టిన వయసు 70. ఆ రోజుల్లో 70 దాకా బతికే కార్మికులు ఎందరుంటారు! 1916లో దాన్ని 65కు తగ్గించారు. బ్రిటన్‌లో 1908లో చట్టం చేసి, మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 70 నిండిన పేదలకు వారానికి 5 షిల్లింగులదాకా ఇచ్చారు. మన మద్రాసు రాష్ట్రంలో దిక్కులేని వృద్ధులకు పింఛను 1962లో మొదలైంది.

ఇలా వచ్చిన ఏర్పాటు మనిషి జీవితంలోకి ఒక కొత్త వస్తువును తెచ్చింది. అది తేదీ. ఫలానా నెలాఖరు సాయంత్రం ఐదు గంటలదాకా నీవు పనికి వస్తావు, ఆ తరువాత రావు అని చెప్పే తేదీ. ఆ తేదీ ఎంత గట్టిదో చూడండి. మా తరంలో పల్లెపిల్లల పుట్టినరోజు ఇంట్లో ఎవరికీ తెలియదు. బడిలో చేర్చేనాడు అయ్యవారు కుడిచేతిని తలమీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే ఐదేళ్ళు నిండినట్టు. ఆ లెక్కన ఏదో ఒక తేదీ రిజిస్టరులో రాసేవారు. బళ్ళు తెరిచేది జూన్‌లో కాబట్టి మా వాళ్ళలో సగంమంది మే, జూన్ నెలల్లోనే పుట్టారు! ఇప్పుడు ఆ నెలల ఆఖరులోనే వరుసగా పూలదండలు వేయించుకుని ఇంటికి పోతున్నారు. నా పదవీ విరమణ తేదీ కూడా 1972లో మా ఊరి తెలుగు అయ్యవారు నా చెవిని చూసి రాసినదే. ఆ అయ్యవారి సంగతి చివర చెబుతాను.

తేదీని సర్కారు జరపనూ గలదు. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. ఆ ఫిబ్రవరి ఆఖరున వేలమంది ఒక్కసారిగా ఇంటికి పోయారు. కుప్పం వైపు మాకు బంధువైన ఒకాయన అందులో ఉన్నారు. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు అప్పటికి కాలేదు. 1984లో మళ్ళీ 58 చేశారు. మధ్యలో నష్టపోయినవారి పక్షాన 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇప్పుడు అదే ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62 ఏళ్ళు, తెలంగాణలో 2021 నుంచి 61. మన తమిళనాడులో 2020లో 58ని 59 చేసి, 2021లో 60 చేశారు. మనిషి ముసలితనం ఎప్పుడు మొదలవుతుందో ఒక ఉత్తర్వు చెబుతుందన్నమాట.

ముగ్గురు పెద్దలు

ఈ తేదీతో మన ప్రాంతానికి, మన భాషకు సంబంధించిన ముగ్గురు ఎలా నెగ్గుకొచ్చారో చూద్దాము.

మొదటివాడు థామస్ మన్రో. 1792లో టిప్పుసుల్తానుతో సంధి జరిగి బారామహల్ కంపెనీ చేతికి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్ కింద సహాయకుడుగా మన్రో 1799 దాకా ఈ సీమలోనే శిస్తులు కట్టాడు. మన తళి, హోసూరు, డెంకణికోట 1799లో టిప్పు పడిపోయిన తరువాతే కంపెనీ కిందికి వచ్చాయి. ధర్మపురిలో మన్రో ఒక తోట పెంచుకున్నాడు. బదిలీ అయి దాన్ని విడిచిపోవడం ఆయనకు బాధ కలిగించిందని ఆయన ఉత్తరాలు చెబుతాయి. ఆ తరువాత దత్తమండలాల కలెక్టరయ్యాడు, 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. తనను విడుదల చేయమని రాసుకున్నాడు. బర్మా యుద్ధం వచ్చింది, విడుదల ఆలస్యమైంది. ఇక ఓడ ఎక్కేలోపల తాను పనిచేసిన తెలుగు జిల్లాలను ఒక్కసారి చూసిపోదామని బయలుదేరి, 1827 జూలై 6న కర్నూలు వైపు పత్తికొండలో కలరాతో చనిపోయాడు. 1780లో కుర్రవాడుగా వచ్చిన మనిషి. విశ్రాంతి ఆయనకు రాలేదు.

రెండవవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1817లో మద్రాసులో దిగి, కడపలో తెలుగు నేర్చి, నిఘంటువులు కట్టి, 1855లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. 1884లో చనిపోయాడు. అంటే 29 సంవత్సరాల విశ్రాంత జీవితం. ఆ దూరదేశంలో కూర్చుని ఆయన తెలుగును వదలలేదు. 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయ్యాడు. ఉద్యోగం కంపెనీది, తెలుగు మాత్రం ఆయన సొంతం. ఉద్యోగం పోయినా సొంతమైనది పోలేదు.

మూడవవారు మన హోసూరు పక్కన తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ గారు. 1950 జనవరి 26న గవర్నర్ జనరల్ పదవి పోయింది, ఆ పదవే లేకుండా పోయింది. దేశంలో అంతకంటె పెద్ద కుర్చీ లేదు. మరొకరైతే అక్కడ ఆగేవారు. వారు కేంద్రంలో మంత్రిగా పనిచేశారు, 1952లో మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు, 80 ఏళ్ళ వయసులో 1959లో స్వతంత్ర పార్టీ పెట్టారు. 1972 డిసెంబరులో, 94 ఏళ్ళు నిండిన తరువాత కన్నుమూశారు.

ఒకరికి విశ్రాంతి దొరకలేదు, ఒకరు దాన్ని వాడుకున్నారు, ఒకరు దాన్ని ఒప్పుకోలేదు. పెద్దవాళ్ళు కాబట్టి వీరి కథలు పుస్తకాలకెక్కాయి. చిన్న కొలువుల వాళ్ళ కథలు ఎక్కడా లేవు, వాటిని నేను చూసినంతమేరకు రాస్తాను.

ఒక్క రాత్రిలో మాజీలు

1980 నవంబరులో ఎం.జి.ఆర్. గారి ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. మా వైపు శానుభోగులనీ పిలిచే కరణాలు, మునసబులు ఒక్క ఉత్తర్వుతో మాజీలయ్యారు. వారి స్థానంలో జీతానికి పనిచేసే గ్రామ పాలనాధికారులు వచ్చారు. కరణాలు కోర్టుకు పోయారు. 1982లో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లుతుందన్నది. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే జరిగింది.

అప్పటికి నాకు పదమూడేళ్ళు. మా పక్క ఊరి కరణం గారి ఇంటి అరుగు నాకు బాగా జ్ఞాపకం. పొద్దున్నే నలుగురైదుగురు అక్కడ కూర్చుని ఉండేవారు. అడంగలు చూసేకి ఒకరు, పట్టా మాట అడిగేకి ఒకరు. తాలూకా ఆఫీసు నుంచి మనుషులు వచ్చి, జాబితా రాసి, కట్టలు కట్టలుగా ఆ లెక్కలన్నీ జీపులో వేసుకుపోయారు. ఆ తరువాత కూడా కొన్ని నెలలపాటు జనం అలవాటుకొద్దీ వచ్చేవారు. క్రమంగా మానుకున్నారు. ఆయన మాత్రం స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అదే వేళకు అదే అరుగు మీద కూర్చునేవారు. వీధిలో పోయేవాణ్ణి పిలిచి, "మీ తాత చేను నాలుగు పక్కలా ఎవరివో చెప్పేదా?" అని అడిగేవారు. ఊరి పొలాలన్నీ ఆయన తలలో ఉన్నాయి. అడిగేవాళ్ళు లేరు.

ఆ పదవి వంశపారంపర్యం. తండ్రి పోతే కొడుకు, కొడుకు పోతే మనవడు. దానివల్ల ఊళ్ళో కష్టపడ్డవారు ఎందరో ఉన్నారు. అది పోవడం మంచిదేనని వారు అంటారు, నేనూ కాదనను. నేను చెప్పేది వేరే. విరమణ అనే మాటే లేని కొలువు అది. చావు వరకూ ఉంటుందని నమ్మిన పనికి ఒకనాడు తేదీ పడితే, ఆ మనిషి దగ్గర దానికి ఏ సిద్ధమూ ఉండదు. జాబితా ప్రకారం కట్టలు పోయాయి. తలలో ఉన్నదాన్ని ఎవరూ తీసుకోలేదు.

వరుసలో నిలబడ్డవారు

దీనికి పూర్తిగా ఎదురు కొస సిపాయిది. మా శాఖ కాపలాదారు పదిహేడేళ్ళు సైన్యంలో చేసి, ముప్పై ఆరేళ్ళకే పింఛనుతో ఇంటికి వచ్చినవాడు. పదిహేనేళ్ళ సర్వీసుకే సిపాయికి పింఛను హక్కు వస్తుంది. తరువాత మా బ్యాంకులో చేరి, ఇక్కడా విరమించాడు. వీడ్కోలు సభలో మా మేనేజరు గొంతు వణికింది గాని అతనికి ఏమీ కాలేదు. "నాకు రిటైరయ్యేది అలవాటే సార్" అన్నాడు. కుర్రతనంలోనే తేదీ తెలిసినవాడు దాని తరువాత ఏమి చేయాలో ముందే చూసుకుంటాడు. అతను ఇప్పుడు డెంకణికోట వైపు గులాబీలు వేస్తున్నాడు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో చాలామంది నాలుగేళ్ళకే, పింఛను లేకుండా తిరిగి వస్తారు. ఇరవై మూడేళ్ళ మాజీ సిపాయిలు ఎలా ఉంటారో మనం ఇక చూడాలి.

ఫ్యాక్టరీ కార్మికుడి సంగతి డబ్బు దగ్గరే మొదలవుతుంది. 1970లలో హోసూరులో సిప్‌కాట్ వచ్చింది. ఆ తరువాతి పదేళ్ళలో లారీలు, మోపెడ్లు, గడియారాలు చేసే ఫ్యాక్టరీలు వచ్చాయి. తళి, కెలమంగలం పల్లెల్లో మడక పట్టిన ఇళ్ళలోనుంచి మొదటిసారి యూనిఫారం వేసుకుని షిఫ్టుకు పోయిన పిల్లలు బయలుదేరారు. ఆ తరం 58 నిండి తిరిగి వచ్చింది. వాళ్ళకు వచ్చేది 1995లో మొదలైన ఉద్యోగుల పింఛను పథకం. దాని లెక్క ఇది: పింఛనుకు పరిగణించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. ఆ జీతానికి 2014 నుంచి పరిమితి 15,000 రూపాయలు. అంటే ముప్పై ఏళ్ళ సర్వీసుకు నెలకు 6,430 రూపాయలకు కొంచెం తక్కువ. కరువు భత్యం లేదు. కనీస పింఛను వెయ్యి. సర్కారు ఉద్యోగికి పాత పద్ధతిలో చివరి జీతంలో సగం, దాని మీద కరువు భత్యం ఉంటుంది. ఒకే బస్సులో హోసూరుకు పోయివచ్చిన ఇద్దరి మధ్య ఇంత తేడా.

పింఛను దయాదాక్షిణ్యం కాదు, చేసిన పనికి దక్కే హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ తేదీని పింఛనుదార్లు పండుగలా జరుపుకుంటారు. ఒక తేదీకి ముందు విరమించినవారు, తరువాత విరమించినవారు అని మనుషులను చీల్చరాదన్నది ఆ తీర్పు సారం. కానీ చీలికలు పోలేదు. కేంద్రంలో 2004కు ముందు చేరినవారు ఒక రకం, తరువాత చేరినవారు మరో రకం. తమిళనాడులో ఆ గీత 2003 ఏప్రిల్. మా బ్యాంకుల్లో 2010 ఏప్రిల్.

ఇక మావాళ్ళు. ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగులు చాలామందికి 1995 దాకా పింఛనే లేదు, ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ మాత్రమే. వడ్డీ బాగా వచ్చే రోజులు కాబట్టి పింఛను వద్దని రాసిచ్చినవారు ఎందరో. వడ్డీలు పడిపోయాక వారు పడిన బాధ చూసి 2010లో ఇంకొక అవకాశం ఇచ్చారు. 2000-01లో స్వచ్ఛంద విరమణ పథకం వచ్చినప్పుడు దాదాపు లక్షమంది మా బ్యాంకులు విడిచి పోయారు. నాతో పనిచేసిన ఒకాయన ఆ డబ్బుతో ఒక వ్యాపారం పెట్టి మూడేళ్ళలో మూశారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. లేచి తిరిగినా కరుగుతాయని ఆయన అనేవారు.

మరొక మిత్రునికి డబ్బు కొరత ఏమీ లేదు. ఆడిట్ విభాగంలో పేరు పొందినవారు. విరమించిన మరునాటి నుంచి ఇంట్లో ఆడిట్ మొదలుపెట్టారు. బియ్యం డబ్బా ఎన్ని రోజులకు అయిపోతున్నది, గ్యాసు సిలిండరు ఏ తేదీన మార్చారు, పాలవాడి లెక్క సరిగ్గా ఉందా. నెల తిరగకుండా ఆయన భార్య మా ఇంటికి వచ్చి, "వీరిని కాసేపు బ్యాంకుకు రానీయండి అన్నా" అని అడిగింది. ఆయన వచ్చేవారు. పది గంటలకల్లా వచ్చి, తన పాత కుర్చీకి ఎదురుగా, ఖాతాదారులు కూర్చునే బెంచీ మీద కూర్చునేవారు. కొత్త ఆఫీసరు మొదటివారం కాఫీ తెప్పించాడు. రెండోవారం చూసి తల ఊపాడు. మూడోవారం తల ఎత్తలేదు. ఆ బెంచీని నేను మరిచిపోలేను. ఈ కథ ఇంట్లో చెబితే నా భార్య, "మీకు అరవైకి అయిపోతుంది సరే, నాకు ఏ నెలాఖరు?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఏ పింఛను చట్టంలోనూ లేదు.

నాన్న చేసిన పని

మా నాన్న రైతు. జవళగిరి అడవి అంచున నాలుగెకరాల మెట్ట. రైతుకు విరమణ తేదీ లేదు. 2019లో చిన్నరైతులకు అరవై నిండాక నెలకు 3,000 వచ్చే పథకం ఒకటి పెట్టారు గాని, అది ముందునుంచి నెలనెలా కంతు కట్టినవారికే. మా నాన్న కాలంలో అదీ లేదు.

ఆయన ఎప్పుడు పని మానారో చెప్పమంటే నేను చెప్పలేను. అరవై దాటాక ఒక ఏడు మడక మా అన్న చేతికి ఇచ్చి, తాను విత్తనం చల్లే పని ఉంచుకున్నారు. ఇంకొన్నేళ్ళకు విత్తేది కూడా అన్నకు వచ్చింది, నాన్న గట్టున నిలబడి చూసేవారు. చలికాలంలో ఏనుగులు దిగుతాయి కాబట్టి మంచె మీద రాత్రి కాపలా చాలాకాలం ఆయనదే. కళ్ళు మసకబారాక మంచె దిగి, కళ్ళంలో కూర్చుని వచ్చే ఏటికి విత్తనపు వెన్నులు ఏరేవారు. చివరి ఏడు అది కూడా మనవడికి నేర్పించి, వాడు ఏరినదాన్ని వేళ్ళతో తడిమి చూసేవారు. ఇరవై ఏళ్ళు పట్టింది ఆయన ఛార్జి అప్పగించడానికి. ఏ రోజునా పనిలేనివాడుగా నిద్రలేవలేదు.

అన్ని రైతు ఇళ్ళూ ఇలా ఉండవని నాకు తెలుసు. ముందే భాగాలు పంచి రిజిస్టరు చేసిచ్చి, కూటికి కొడుకుల గడపలు ఎక్కి దిగినవారిని ఈ కౌంటరు దగ్గరే చూశాను. అలాంటివారి కోసం 2007లో ఒక చట్టం వచ్చింది. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, బిడ్డలు చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని కోరవచ్చు. ఆ షరతును దస్తావేజులో రాయించుకోవడం మరచిపోకండి. ఇది బ్యాంకువాడి మాటగా తీసుకోండి.

మా బ్యాంకులో ఛార్జి అప్పగించడానికి ఒక జాబితా ఉంటుంది. తాళాలు, నగదు, చెక్కుపుస్తకాలు, దస్తావేజులు. అరగంటలో సంతకాలైపోతాయి. మా నాన్న దగ్గర జాబితా లేదు, ఇరవై ఏళ్ళు ఉంది. నవంబరు వరుసలో నేను వెతికిన తేడా ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. కడుపుకు చాలినంత పింఛను ఉండాలి, అది లేనిదే మిగతా మాటలన్నీ వ్యర్థం. అది ఉన్న తరువాత, తనకు తెలిసినదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టగలిగినవారు తేలిగ్గా ఉన్నారు. పెట్టలేకపోయినవారు అరుగు మీదా, బెంచీ మీదా కూర్చున్నారు.

రిలీవరు రాలేదు

ఇక మా అయ్యవారు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు మాది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. ఊరు కదలకుండానే ఆయన ఒక జిల్లాలో చేరి, ఇంకో జిల్లాలో విరమించి, మూడో జిల్లాలో పింఛను తీసుకుంటున్నారు. 1998లో 58 నిండాయి. ఆయన తరువాత ఆ తెలుగు పోస్టులో కొన్నాళ్ళు ఒకరున్నారు, తరువాత ఎవరూ రాలేదు. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి మొదలుకుని ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠమైంది. ఈ రాష్ట్రంలో బతికే పిల్లలు తమిళం నేర్వవలసిందే, మేమంతా నేర్చినవాళ్ళమే. దానితోపాటు మన అక్షరాలు నేర్పే మనిషి కూడా ఉండాలని మాత్రమే మన మనవి.

పోయిన నవంబరులో జీవన పత్రం కోసం నేనే ఆయన ఇంటికి పోయాను. 85 నిండాయి. భజనమందిరం అరుగు మీద సాయంత్రాలు ఐదారుగురు పిల్లలకు అ ఆలు దిద్దిస్తున్నారు. విరమించిన నాటినుంచీ దిద్దిస్తూనే ఉన్నారట. ఈ ఊరినుంచి నేను హోసూరుకు మారి ఇరవై ఏళ్ళయింది, నాకు తెలియలేదు. సంతకం పెట్టాక, "85 దాటితే పింఛను ఇంకా పెరుగుతుంది అయ్యవారూ" అన్నాను. ఆయన ఆ మాట విననట్టే, "నీకు ఎప్పుడు రిటైర్మెంటు?" అని అడిగారు. తేదీ చెప్పాను. నవ్వి, "అది నేను రాసిన తేదీనే కదప్పా" అన్నారు. కాసేపు ఆగి అన్నారు: "నేను ఇంగా ఛార్జి ఇయ్యలేదు. రిలీవరు రాలేదు."

బ్యాంకులో రిలీవరు రాకపోతే మనిషి కదలకూడదు. ఆ నియమం నాకు బాగా తెలుసు. ఆయన ఇరవై ఏడేళ్ళుగా కదలకుండా ఉన్నారు.

ఆ తరువాతి ఆదివారం నుంచి నేను హోసూరు నుంచి బస్సెక్కి ఆ అరుగు మీదికి పోతున్నాను. నాకు పాఠం చెప్పడం రాదు. మొదటిరోజు ఒక పిల్ల, "సార్, మీ 'ఱ' తప్పు" అన్నది. అయ్యవారు పక్కన కూర్చుని చూస్తారు, మా నాన్న గట్టున నిలబడి చూసినట్లు. రెండేళ్ళలో నేను బ్యాంకులో తాళాలు అప్పగించేనాటికి, ఇక్కడ కొంతైనా ఛార్జి తీసుకుని ఉండాలని ఆశ.

ఈ పత్రిక చదివే మనవాళ్ళలో విరమించినవారు, విరమించబోయేవారు చాలామంది ఉన్నారు. హోసూరు, బాగలూరు, బేరికె, శూలగిరి, అంచెట్టి, ఎక్కడి వారైనా సరే. మీ ఊళ్ళో కూడా ఇలా రిలీవరు కోసం ఎదురుచూస్తున్న అయ్యవారో, భజన పాటలు తెలిసిన అవ్వో ఉండే ఉంటారు. వారి దగ్గరికి ఒకసారి పోయి రండి. పోయివచ్చి, వారి దగ్గర తీసుకోవలసినది ఏమి ఉందో నాలుగు వాక్యాలు ఈ పత్రికకు రాయండి. నవంబరు ఒక్కటే కాదు, ఏ నెలైనా బతికే ఉన్నామని రుజువు చూపించవచ్చు.